చిరునామా ఎవరిది?

2025వ సంవత్సరమున కేంద్రప్రభుత్వోద్యోగుల మెయిలుపెట్టెలు కాపురము మార్చినవి. 1976లో స్థాపితమైన జాతీయ సమాచార కేంద్రమువారి యేర్పాటులో నంతవరకు నున్న 12 లక్షలకు పైబడిన పెట్టెలు, మన దక్షిణదేశపు కంపెనీయైన జోహోవారి యేర్పాటునకు తరలింపబడినవి. ఇందుకైన యేడేండ్ల గుత్త 2023లోనే కుదిరియుండెను. 2025 అక్టోబరులో హోంమంత్రి అమిత్ షా గారు తమ సొంత చిరునామాను గూడ జోహోకు మార్చుకొంటినని ప్రకటించిరి.

అప్పుడు పత్రికలలోను సభలలోను సాగిన ప్రసంగమంతయు స్వదేశి, విదేశి యను రెండు మాటల చుట్టును దిరిగినది. ఇచ్చట విడిచినది విదేశీ కంపెనీని గాదు, సర్కారువారి సొంత సంస్థనే. కావున దీనిని విదేశీవస్త్రదహనముతో బోల్చి మురిసినవారు కొంచెము తొందరపడిరని మా యభిప్రాయము. అది యట్లుండనిండు. మనబోటి సామాన్యులు గ్రహింపవలసిన సంగతి వేరొకటి యందున్నది. పెట్టెలు మారినవి, చిరునామాలు మారలేదు. నిన్న కలెక్టరుగారికి ఏ చిరునామాకు వ్రాసితిమో నేడును ఆ చిరునామాకే వ్రాయుచున్నాము. గవ్.ఇన్ అను పేరు ప్రభుత్వమువారిది. జోహో కాదు గదా, రేపు మరియొకరి యింట పెట్టెలు పెట్టుకొన్నను ఆ పేరు వారి వెంటనే నడచును. జగ్గయ్యపేటలోని యంగడివానికి, నందిగామ బారులోని జూనియరు వకీలునకు, వత్సవాయిలోని రైతుసంఘమునకు ఈ భాగ్యము గలదా?

ఈ వ్యవహారము నెరుగని పాఠకులకు రెండు మాటలు చెప్పవలసియున్నది. మెయిలు చిరునామాలో 'ఎట్' గుర్తునకు తరువాత నుండునది డొమెయిను పేరు. అది భూమి వంటిది. ఏటేట శిస్తు కట్టి నిలుపుకొనవలయును. ఉత్తరములు నిలువయుండు పెట్టె కొట్టు వంటిది, అద్దెకు దీసికొనునది. ఫలానా పేరునకు వచ్చు నుత్తరములను ఏ సర్వరునకు జేర్పవలెనో లోకమునకు జాటు చీటీ యొకటి యున్నది. దానిని ఎమ్.ఎక్స్. రికార్డందురు. 1986లోనే యీ పద్ధతికి వ్రాతపూర్వకమైన నిబంధన యేర్పడినది. ఆ చీటీలోని సర్వరు పేరు మార్చినచో మరునాటినుండి యుత్తరములు కొత్త కొట్టునకు జేరును. ఇల్లు మారినవాడు తపాలా కచేరీలో చీటీ వ్రాసియిచ్చినట్లే. ఉత్తరము వ్రాయువానికి ఈ మార్పు తెలియనక్కర లేదు.

ఇంత సులభమైన పనియే యైనచో మనవారు ఏల చిక్కుపడుచున్నారు? భూమి పట్టాయు, కొట్టు అద్దెచీటీయు ఒక్కనిచేతనే పుచ్చుకొని, రెంటికిని కలిపి యొకే రసీదు దీసికొనుటయే మూలము.

జగ్గయ్యపేటలో మేము కొందరము కలిసి నడుపుచున్న పఠనమందిరము కథ యిట్టిదే. 2012లో నొక పడుచువాడు ఉత్సాహముతో మాకు వెబ్‌సైటు కట్టించి, అయిదు మెయిలుపెట్టెలు తెరపించెను. పేరు, సైటు, పెట్టెలు మూడును దూరపు పట్టణములోని యొక హోస్టింగు కంపెనీవద్దనే. ఏటేట సొమ్ము కట్టుచు మేము నిశ్చింతగా నుంటిమి. విదేశములలో నున్న మన యూరి బిడ్డలు పాత పుస్తకములు పంపుటకును, చందాలు పంపుటకును ఆ చిరునామాకే వ్రాయుచుండిరి. పండ్రెండేండ్లు గడచెను.

2024లో మా యుత్తరములు చేరుట మానినవి. వ్రాసినది వ్రాసినట్లు తిరిగి వచ్చుచుండెను. లేదా చెత్తపెట్టెలో బడుచుండెను. విచారింపగా కారణములు రెండు తేలినవి. మా కంపెనీవారు ఒకే సర్వరులో ఎన్నియో సైట్లను గుదించిరి. అందులో మా పొరుగువాడెవడో దొంగప్రకటనలు వేలకొలది పంపగా, ఆ సర్వరు మొత్తమును పెద్ద మెయిలు కంపెనీలవారు వెలివేసిరి. పందొకటి చేను మేయగా గొర్రెల చెవులు కోసిరన్న సామెత మాయెడ సార్థకమయ్యెను. రెండవది, గూగుల్, యాహూలు 2024 ఫిబ్రవరినుండి పంపువారి నిజానిజములను గట్టిగా విచారింప దొడగినవి. మా పేరుమీద నుత్తరము పంపుటకు ఏ సర్వరునకు అధికారము గలదో దెలుపు ఎస్.పి.ఎఫ్. పట్టిక మాకు లేదు. ఉత్తరము నడిమధ్య మార్పబడలేదని సాక్ష్యమిచ్చు డి.కె.ఐ.ఎమ్. ముద్రయు లేదు. వకాల్తా లేని వకీలు మాటను న్యాయాధిపతి వినునా? మా యుత్తరముల గతియు నదియే. పండ్రెండేండ్లు అద్దె పుచ్చుకొన్నవారు ఈ రెండును వ్రాసిపెట్టలేదు. వ్రాసిపెట్టుమని యడుగవలెనని మాకును దెలియదు.

కావున పెట్టెలను వేరొక మెయిలు సేవకు మార్ప నిశ్చయించితిమి. అప్పుడు బయటపడినది అసలు సంగతి. డొమెయిను రిజిస్ట్రేషను వివరములు దీసి చూడగా, యజమాని స్థానమున మా పఠనమందిరము పేరు లేదు. హోస్టింగు కంపెనీ పేరుండెను. చిరునామా వారిది, ఫోను నంబరు వారిది. ఏటేట శిస్తు కట్టినది మేము, పట్టా వారిది! డాట్ ఆర్గ్, డాట్ కామ్ వంటి పేర్ల విషయమున, యజమాని కోరిన యైదు దినములలో బదిలీ సంకేతము నియ్యవలయునని అంతర్జాతీయ సంస్థయైన ఐకాన్ నిబంధన యున్నది. కాని యా హక్కు రికార్డులో యజమానిగా నున్నవానికే. మేము కాగితము మీద ఎవరము?

నేను వకీలును గనుక పండ్రెండేండ్ల రసీదులను జతపరచి నోటీసు వ్రాసితిని. మొదట మౌనము వహించిరి. పిమ్మట బదిలీ ఖర్చులని యడిగిరి. రెండు నెలలకు సంకేతము వచ్చెను. వారు దుష్టులని నే ననను. ఆ వ్యాపారములో నదియే వాడుకయని వారి గుమాస్తా యమాయకముగా జెప్పెను. ఆ వాడుకయే నాకు భయము గలిగించినది. మిరపకాయల కమీషను దుకాణము నడుపుకొనువాడు నోటీసులు వ్రాసికొనుచు రెండు నెలలు కూర్చుండగలడా? ఆ రెండు నెలలలో గడువు తీరి పేరు పరుల చేత బడినచో, అతని బిల్లులు, అతని ఖాతాదారుల యుత్తరములు ఎవని పెట్టెలో బడును?

పేరు చేతికి వచ్చిన పిదప తరలింపు పని నాలుగు దినములలో ముగిసినది. ఇతరులకు బనికివచ్చునని క్రమము చెప్పుచున్నాను. కొత్త సేవలో అవే పేర్లతో పెట్టెలు ముందుగా దెరచితిమి. డి.ఎన్.ఎస్. చీటీలను ప్రపంచములోని సర్వరులు కొంతకాలము జ్ఞాపకముంచుకొనును గనుక, ఆ గడువును రెండుదినముల ముందే గంటకు దగ్గించితిమి. శనివారము రాత్రి ఎమ్.ఎక్స్. చీటీ మార్చితిమి. పాత యుత్తరములను ఐమాప్ పద్ధతిలో పాతపెట్టెనుండి కొత్తపెట్టెకు నకలు దీయించితిమి. దీనికి ప్రత్యేకమైన ప్రోగ్రాములున్నవి. ఎస్.పి.ఎఫ్. పట్టిక యొక పేరునకు ఒక్కటియే యుండవలయును. రెండు వ్రాసినచో రెండును చెల్లవు. పాతపెట్టెలను వెంటనే మూయక మరియొక నెల తెరచియుంచితిమి. ఆలస్యముగా మేల్కొను సర్వరులు కొన్ని యుత్తరములను పాతచోటికే తెచ్చి పడవేయును.

అయినను ఒక పొరపాటు జరిగెను. మా వెబ్‌సైటు పాత కంపెనీవద్దనే యుండెను; మెయిలు మాత్రమే మార్చితిమి. సైటులో 'మాకు వ్రాయండి' యను కాగిత మొకటి కలదు. దానిలో వ్రాసినవి కొత్తపెట్టెకు రాలేదు. పాత సర్వరు, 'ఈ పేరువారు నా యింటనే యున్నారు గదా' యని, లోకము చూచు చీటీని చూడకయే తన పాతపెట్టెలో వేసికొనుచుండెను. ఉత్తరములు బయటివారికి బోవునని ఆ సర్వరునకు వేరుగా జెప్పవలయునట. మూడు వారముల పిమ్మట పాతపెట్టె తెరచి చూడగా పదునాలుగు విన్నపములు. అందొకటి పోటీపరీక్షకు చదువుకొనుచున్న యొక బాలికది. పరీక్షకు ముందు పది దినములు ఫలానా పుస్తకము ఇంటికి దీసికొనిపోనిత్తురా యని యడిగినది. పరీక్ష అయిపోయినది. ఆ జవాబు నేను స్వయముగా వ్రాసితిని, ఏమని వ్రాయుదును?

ఇది పఠనమందిరము గనుక పుస్తకముతో బోయినది. వ్యవహర్తలకు ఇంతకన్న హెచ్చు ప్రమాద మున్నది. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 13వ సెక్షను ప్రకారము, ఉత్తరము స్వీకరించుటకు మీరొక కంప్యూటరు వనరును నిర్ణయించియున్నచో, ఆ యుత్తరము దానిలో బ్రవేశించిన క్షణముననే మీకు ముట్టినట్లు. మీరు చదివితిరా లేదా యను ప్రశ్న పుట్టదు. 2020 జులైలో సుప్రీముకోర్టు నోటీసులను మెయిలు ద్వారా జారీ చేయుటకు అనుమతించెను. 2024 జులై 1 నుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహిత సమనులను సైతము ఎలక్ట్రానిక్ మార్గమున బంపుటకు వీలు గల్పించినది. కోర్టు ఈ-ఫైలింగులో పేరు నమోదునకు మెయిలు చిరునామా కావలయును. ఇట్టి కాలమున, ఎవరును తెరవని పాతపెట్టెలో నోటీసు పడి మురుగుచుండగా వాయిదా దాటిపోయెనన్న మాట వింత గాదు. మా బారులో పలువురు పెద్దలు తమ చిరునామా ఏ కంపెనీచేతిలో నున్నదో తమ గుమాస్తా నడుగవలసినవారే. వారిని తప్పు పట్టను. నిన్నటివరకు నేనును వారిలోని వాడనే.

మరియొక నష్టమును జెప్పక తప్పదు. మా పూర్వకార్యదర్శిగారు ఉపాధ్యాయవృత్తిలో వృద్ధులైనవారు, 2023లో స్వర్గస్థులైరి. దాతల యుత్తరములన్నియు వారి పెట్టెకే వచ్చుచుండెను. మేము ఐమాప్ ద్వారా నకలు దీయబోగా ఆ పెట్టెలో మూడు నెలల యుత్తరములే యున్నవి. వారి కంప్యూటరు పాప్ అను పాతపద్ధతిలో నడచినది. ఉత్తరములు కంప్యూటరులోనికి దిగి, సర్వరునుండి తుడిచివేయబడుచుండెను. ఆ కంప్యూటరును వారి కుటుంబమువారు భద్రముగనే దాచిరి గాని, డిస్కు తిరుగుట లేదు. పదేండ్ల మా సంస్థ చరిత్ర ఆ పెట్టెలో నున్నది: ఎవరెవరు ఏ పుస్తకము లిత్తుమనిరో, ఏ యూరినుండి ఏ తాటాకుప్రతి వచ్చునని యెదురు చూచితిమో, అదంతయు.

ఇట్టి దుఃఖము మా యూరికి కొత్త గాదు. బేతవోలుగా నుండి, వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారి వలన జగ్గయ్యపేటయైన మా పట్టణము ప్రక్కనున్న ధనంబోడు స్తూపమును 1882లో బర్జెస్ దొర త్రవ్వించెను. ఇక్ష్వాకురాజైన వీరపురుషదత్తుని 20వ యేట చెక్కిన శాసనములతోపాటు మాంధాతృ చక్రవర్తి శిలాఫలకము బయటపడెను. ఆ ఫలకమును జూడగోరు జగ్గయ్యపేట బాలుడు నేటికిని చెన్నపట్టణపు మ్యూజియమునకు బోవలయును. రాయి గనుక సుమారు రెండు వేల యేండ్లు నిలిచినది. పరస్థలమున నున్నను కంటికి గనబడుచున్నది. మా కార్యదర్శిగారి యుత్తరములకు ఆ భాగ్యమైన లేదు.

ఇక స్వదేశి మాటకు వత్తము. 2025 జులై 18న ఐరోపా సమాజము రష్యామీది యాంక్షలలో భాగముగ గుజరాతులోని వాడినార్ శుద్ధికర్మాగారము గల నయారా కంపెనీని చేర్చెను. ఆ కంపెనీలో సగమునకు కొంచెము తక్కువ వాటా రష్యావారిది. నాలుగు దినములలో మైక్రోసాఫ్ట్‌వారు దాని మెయిలును, తక్కిన సేవలను నిలిపివేసిరి. భారతదేశమున, భారతచట్టమునకు లోబడి, సొమ్ము చెల్లించి నడుచుచున్న సంస్థకు దాని యుత్తరములే దానికి అందకుండబోయినవి! ఆంక్ష విధించినది ఐరోపా, నిలిపివేసినది అమెరికా కంపెనీ, నష్టపడినది మన దేశములోని సంస్థ. నయారా ఢిల్లీ హైకోర్టు నాశ్రయించెను; మెయిలును రెడిఫ్‌కు మార్చుకొనెను. మైక్రోసాఫ్ట్‌వారు ఆ నెలాఖరునకు సేవలను మరల దెరచిరి. పరదేశపు తాళము మన యింటి తలుపునకున్నచో ఏమగునో యిది చెప్పుచున్నది. ఆ విషయమున మాకు సందేహము లేదు.

కాని తాళము స్వదేశస్థుని చేతనున్నంత మాత్రమున తలుపు మనదగునా? ఇండియాటైమ్స్‌వారు తమ మెయిలు సేవను 2013లో మూసివేసిరి. అదియు స్వదేశియే. ఆ చిరునామాలు పెట్టుకొన్నవారు పరిచితులందరికి కొత్త చిరునామా దెలుపుకొనవలసివచ్చెను. మా పఠనమందిరము పట్టా నట్టిపెట్టుకొన్న కంపెనీయు శుద్ధస్వదేశియే. విదేశీయుడైన యజమాని పోయి స్వదేశీయుడైన యజమాని వచ్చుట ఒక మెట్టు. అద్దెకున్నవానికి తలుపు దెరచికొని పోవు హక్కుండుట మరియొక మెట్టు. మన ప్రచారకులు మొదటి మెట్టుమీదనే ఉపన్యాసములు ముగించుచున్నారు. ప్రభుత్వమువారికైనను ఈ మాట వర్తించును. ఏడేండ్ల గుత్త ముగియునాటికి జోహోనుండి మరియొకచోటికి ఇంతే సులువుగా బోగల యేర్పాటున్నదా లేదా యనునదియే ఆ గుత్తలో మేము చూడగోరు షరతు.

ఇతరదేశములలో నీ యెరుక గలుగుచున్నది. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రమువారు తమ యుద్యోగుల 40 వేలకు పైబడిన మెయిలుపెట్టెలను, 10 కోట్లకు మించిన యుత్తరములు, కార్యక్రమపు నమోదులతో సహా, మైక్రోసాఫ్ట్ యేర్పాటునుండి దీసి ఓపెన్-ఎక్స్‌చేంజ్, థండర్‌బర్డ్ అను వానికి మార్చుట 2025 అక్టోబరులో ముగించిరి. ఆ యేర్పాటు మూలము ఎవరైనను చూచి పరీక్షింపదగినది. నేటి గుత్తదారు నచ్చనిచో రేపు వేరొకనికి అప్పగించి అదే నడపించుకొనవచ్చును. మారు సమయమున కొన్ని కచేరీలలో ఇబ్బందులు వచ్చినవని ఫిర్యాదులు లేకపోలేదు. అయినను మారగలమని తెలిసినది.

మన చట్టము మాట యేమి? 2011 జనవరి 20నుండి దేశమంతట మొబైలు ఫోను నంబరును వదలుకొనకయే కంపెనీని మార్చుకొను హక్కు మనకు గలదు. ఒక మెసేజి పంపినంత మాత్రమున సంకేతము వచ్చును. పాత కంపెనీవాడు బ్రతిమాలవచ్చును గాని అడ్డగింపజాలడు. నంబరు ప్రజలదని ట్రాయి చెప్పగానే కంపెనీలు కూలిపోలేదు. మెయిలు విషయమున నిట్టి హక్కు లేదు. 2019లో పార్లమెంటున బ్రవేశపెట్టిన వ్యక్తిగత సమాచార పరిరక్షణ బిల్లులో, తన సమాచారమును ఒక కంపెనీనుండి మరియొక కంపెనీకి తీసికొనిపోవు హక్కు వ్రాయబడియుండెను. 2023లో చట్టమైనప్పుడు ఆ సెక్షను కనబడకుండబోయినది. సమాచారము చూచుకొను హక్కు మిగిలెను, తప్పులు దిద్దించుకొను హక్కు మిగిలెను, తుడిపించుకొను హక్కు మిగిలెను. వెంట దీసికొనిపోవు హక్కు పోయెను. ఐరోపావారి శాసనములో నది 20వ అధికరణముగ 2018నుండి అమలునందున్నది. మనకు దానిని తొలగించిన కారణమును మంత్రులెవరైనను తృప్తికరముగ జెప్పిరని మేము వినలేదు.

కావున మా కోరికలు పెద్దవి గావు. డొమెయినును సొమ్ము గట్టినవాని పేరనే నమోదు చేయవలయునని హోస్టింగు వ్యాపారులను చట్టము శాసింపవలయును. డాట్ ఇన్ పేర్లను నడుపు నిక్సీ సంస్థ దేశమువారిదే గదా. కనీస మా పేర్లవిషయమున నీ పని రేపే చేయవచ్చును. సేవ మానుకొన్న యే మెయిలు కంపెనీయైనను తొంబది దినములు పాతపెట్టెను తెరచియుంచి, ఉత్తరములను ఐమాప్ ద్వారా తీసికొనిపోనియ్యవలయును. ఉచితమని పిలిచి పెట్టెలిచ్చి ఐమాప్ తలుపు మూసియుంచు సేవలున్నవి. చేరుటకు రుసుము లేదు, పోవుటకు దారి లేదు. మన లోకసభ సభ్యులు 2023 చట్టమునకు సవరణ దెత్తురా యని నందిగామ, జగ్గయ్యపేట బారు సంఘములు వ్రాసి యడుగవలయునని మా ప్రార్థన.

సవరణ వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండ బనిలేదు. వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలనుండి మధ్యాహ్నమువరకు జగ్గయ్యపేట పఠనమందిరమున మేము నలుగురము కూర్చుందుము. మీ హోస్టింగు రసీదును, ఫోనును వెంట దెచ్చినచో, డొమెయిను ఎవరి పేరనున్నదో, గడువెప్పుడు తీరునో, ఎమ్.ఎక్స్. చీటీ ఎక్కడికి జూపుచున్నదో చూచి కాగితముమీద వ్రాసియిత్తుము. రుసుము లేదు. పాస్‌వర్డులు మాకు జెప్పవలదు, మేమడుగము. ముక్త్యాల, పెనుగంచిప్రోలు, చందర్లపాడు వైపులవారు బస్సుల వేళలు చూచుకొని యెండ ముదురకముందే రావలయును. కార్యదర్శిగారి డిస్కును బాగుచేయుటకు హైదరాబాదు పంపితిమి; ఇంకను జవాబు రాలేదు.